వెళ్ళొస్తానంటే చాలదు

తెనాలిలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. టెక్సస్‌లో ఉదయం పది. వారం వారం వచ్చే ఫోనే గానీ ఆ రోజు తండ్రి గొంతులో హుషారు వేరు.

‘‘నాన్నా, చెల్లి సంబంధం ఖాయమైందిరా. ఫాల్గుణంలో ముహూర్తం. నువ్వు ఓ పదిరోజులు ముందే వచ్చెయ్యాలి.’’

‘‘చాలా సంతోషం నాన్నా. వస్తాను. కాకపోతే... నా వీసా గడువు అయిపోయింది.’’

తండ్రికి గుండె గుభేలుమంది. ‘‘అదేంట్రా! మరి అక్కడ ఎలా ఉంటున్నావ్? ఎవరన్నా పట్టుకుంటే?’’

అబ్బాయి నవ్వాడు. పీహెచ్‌డీ ఆరో సంవత్సరం. వీసా గడువు తీరి నెలలవుతున్నా అతను రోజూ ల్యాబుకు వెళ్తున్నాడు, పాఠాలు చెబుతున్నాడు, జీతం తీసుకుంటున్నాడు. ఏదీ తప్పు కాదు. ఉండటానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఇంటికి వచ్చి, మళ్ళీ వెళ్ళడంలోనే.

తెలుగువాళ్ళు గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనరు. ‘వెళ్ళొస్తాను’ అంటారు. వెళ్ళడమూ రావడమూ ఒకే మాటలో ఇమిడిపోతాయి. అమెరికాలో చదువుకునే విద్యార్థికి మాత్రం అవి రెండు వేర్వేరు పనులు. వెళ్ళడానికి విమానం టికెట్ చాలు. తిరిగి రావడానికి కావలసినవి మాత్రం బయల్దేరే ముందే చూసుకోవాలి. ‘ఓపెన్ డోర్స్’ నివేదిక లెక్క ప్రకారం 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్ళలో తెలుగు పిల్లలు ఎందరో చెప్పడానికి నివేదికలక్కర్లేదు, ఏ వీధిలో అడిగినా తెలుస్తుంది. అందుకే ఈ సంగతులు పిల్లలకే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళకీ తెలిసి ఉండాలి.

సినిమా హాలు టికెట్టు

పాస్‌పోర్టులో అతికించే వీసా, అమెరికాలో ఉండే అనుమతి ఒకటి కావు. సినిమా హాలుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గేటు దగ్గర చూపించే టికెట్టు లాంటిది వీసా. ఒకసారి లోపలికి వెళ్ళి కూర్చున్నాక ఆ టికెట్టు చిరిగినా ఎవరూ లేపరు. కానీ మధ్యలో బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే గేటు దగ్గర ఆగాల్సిందే.

లోపల కూర్చునే హక్కు ఇచ్చేవి వేరే కాగితాలు. ఒకటి, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20. రెండోది, అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్‌వాళ్ళు కంప్యూటర్లో నమోదుచేసే ఐ-94. విద్యార్థి ఫుల్‌టైమ్ చదువుతూ, నియమాలు తప్పకుండా, ఐ-20లో గడువు మిగిలి ఉంటే వీసా తేదీ దాటిపోయినా అక్కడ ఉండటం సక్రమమే. ఎఫ్-1 విద్యార్థుల ఐ-94 మీద ఏళ్ళ తరబడి ఫలానా తేదీ అంటూ లేకుండా, చదువు సాగినన్నాళ్ళూ అనే అర్థంలో ‘డీ/ఎస్’ అని రాస్తూ వచ్చారు. దాని స్థానంలో గరిష్ఠంగా నాలుగేళ్ళకు మించని ఓ తేదీ పెట్టాలని అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. కాబట్టి ఎవరి ఐ-94 మీద ఏముందో వాళ్ళే చూసుకోవాలి. అన్నయ్యకు అలా ఉండేదని, స్నేహితుడికి ఇలా ఉందని ఊరుకుంటే కుదరదు.

చిన్న సంతకం, పెద్ద పని

ఊరికి రావాలనుకున్న విద్యార్థి మొట్టమొదట చూసుకోవాల్సింది ఐ-20 రెండో పేజీ. అందులో ప్రయాణానికి ఆమోదం తెలిపే సంతకం ఉంటుంది. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో డీఎస్‌వో అనే అధికారి ఆ సంతకం చేస్తారు. ‘ఈ విద్యార్థి మా దగ్గర సక్రమంగా చదువుతున్నాడు, తిరిగి రానివ్వవచ్చు’ అని దానర్థం.

చదువుతున్నవాళ్ళకు ఆ సంతకం ఏడాది పాటు పనికొస్తుంది. చదువు పూర్తిచేసి ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్ళకు ఆరు నెలలే. ఈ తేడా తెలియక పొరపాటు పడేవాళ్ళే ఎక్కువ. కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు చేయించుకున్న సంతకం ఉంది కదా అనుకుంటారు. మధ్యలో చదువు పూర్తై ఓపీటీ మొదలైన సంగతి మరిచిపోతారు. ఇంకో మాట. బయల్దేరే రోజుకు సంతకానికి గడువు ఉంటే చాలదు, తిరిగి అడుగుపెట్టే రోజుకు ఉండాలి.

సంతకం గడువు దాటితే? విమానాశ్రయంలో అధికారి దయతలచి ఐ-515ఏ అనే కాగితం ఇచ్చి ముప్ఫయి రోజులకు లోపలికి పంపించవచ్చు. ఆలోగా సరైన కాగితాలు పంపుకోవాలి. వెనక్కి పంపించే అధికారమూ ఆయనకు ఉంది. పదహారు గంటలు ప్రయాణం చేసి వచ్చాక ఆ కౌంటర్ ముందు నిలబడి చెమటలు పట్టించుకునే బదులు, రెండు మూడు వారాల ముందే ఓ ఈమెయిల్ పంపితే పోతుంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు సంతకం చేసిన ఐ-20ని ఈమెయిల్లోనే పంపిస్తున్నాయి. ప్రింటు తీసుకుని చేతిసంచీలో పెట్టుకోవాలి. చెకిన్ చేసే సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన కాదు!

పంతులుగారి ముహూర్తం, కాన్సులేట్ స్లాటు

వీసాకు గడువు ఉన్నవాళ్ళకు సంతకంతో పని అయిపోతుంది. లేనివాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు మళ్ళీ స్టాంపింగ్‌కు వెళ్ళాలి. ఇదివరకు తెలుగువాళ్ళు దీనికోసం చెన్నై రైలెక్కేవాళ్ళు. 2008లో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచాక ఆ తిప్పలు తగ్గాయి. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది.

దగ్గరకొచ్చింది నిజమే గానీ పని తేలికవలేదు. కొన్నాళ్ళ పాటు రెన్యువల్ చేయించుకునేవాళ్ళలో చాలామందికి ఇంటర్వ్యూ అక్కర్లేకుండా ‘డ్రాప్‌బాక్స్’లో కాగితాలు ఇస్తే సరిపోయేది. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులకు ఆ వెసులుబాటు పోయింది. స్వయంగా కిటికీ ముందు నిలబడాల్సిందే. సొంత దేశంలోగానీ, నివాసం ఉంటున్న దేశంలోగానీ ఇంటర్వ్యూకు వెళ్ళాలని అదే నెలలో చెప్పారు. దాంతో హైదరాబాద్‌లో స్లాటు దొరక్కపోతే వేరే దేశం వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుందామనే ఉపాయమూ మూతబడింది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. డీఎస్-160 ఫారం నింపాలి. ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు.

ఇంటర్వ్యూ బాగానే జరిగినా, ఇంకొంత పరిశీలించాలంటూ 221(జి) చీటీ చేతిలో పెట్టి పంపిస్తే రోజులు కావచ్చు, నెలలూ కావచ్చు. ఇంటర్వ్యూ తేదీ చేతిలో ఉందని ధీమాగా ఉండటానికీ లేదు. 2025 డిసెంబరులో హెచ్-1బీ స్టాంపింగ్ కోసం సెలవు పెట్టి ఇండియా వచ్చిన ఎంతోమందికి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి. ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ.

కనుక వరుస మారాలి. మన ఇళ్ళలో ముందు టికెట్లు కొంటారు, తర్వాత స్లాటు వెతుకుతారు. వీసా గడువు తీరినవాళ్ళు ముందు స్లాటు సంపాదించి, తర్వాతే టికెట్టు కొనాలి. శుభకార్యాలుంటే ఇంటర్వ్యూ వాటికి ముందే పడేలా చూసుకోవాలి. పెళ్ళయిన మర్నాడు ఇంటర్వ్యూ, ఆ పై వారం తిరుగు ప్రయాణం అని పెట్టుకుంటే, చిన్న చీటీ చాలు మొత్తం తలకిందులవడానికి.

కెనడా, మెక్సికో పొరుగునే ఉన్నాయి కాబట్టి వాటికో మినహాయింపు ఉంది. ముప్ఫయి రోజుల లోపు అక్కడికి వెళ్ళొస్తే, వీసా గడువు తీరినా, ఐ-20, ఐ-94 సరిగ్గా ఉంటే మళ్ళీ లోపలికి రావచ్చు. అయితే అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసుకుని ఉండకూడదు. అక్కణ్నుంచి ఇండియా వచ్చి వెళ్దామంటే ఈ సౌకర్యం వర్తించదు.

దారిలో ఎక్కడ విమానం మారుతున్నారన్నదీ లెక్కే. భారతీయులు లండన్‌లో విమానం మారడానికి బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అడుగుతుంది. గడువున్న అమెరికా వీసా ఉంటే మినహాయింపు దొరుకుతుంది. అది లేని విద్యార్థి చవకగా వచ్చిందని లండన్ మీదుగా టికెట్ కొంటే అమెరికాలోనే బోర్డింగ్ కౌంటర్ దగ్గర ఆగిపోవచ్చు. దుబాయ్, దోహా లాంటి చోట్ల విమానాశ్రయం దాటకుండా విమానం మారేవాళ్ళకు ఆ బెడద లేదు. అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ 2014 నుంచి అక్కడే జరుగుతోంది. కాబట్టి కాగితాలన్నీ అక్కడికే చేతికందేలా ఉండాలి.

స్నాతకోత్సవం మర్నాడు

మే నెలలో ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. ఎమ్మెస్ పట్టా తీసుకునే రోజున అమ్మానాన్నా వెళ్తారు. నల్ల గౌనులో ఫొటోలు, నయాగరా యాత్ర. ‘‘ఇంతదూరం వచ్చాం కదా, అందరం కలిసే ఇంటికెళ్దాం. రెండు నెలలుండి వద్దువుగాని’’ అంటుంది అమ్మ. పాపం, ఆవిడకు తెలియదు.

చదువు పూర్తయ్యాక విద్యార్థికి అరవై రోజుల గడువిస్తారు. అది సర్దుకుని వెళ్ళడానికో, మరో కోర్సుకు మారడానికో, ఓపీటీకి దరఖాస్తు చేసుకోవడానికో ఇచ్చిన సమయం. ఆ అరవై రోజుల్లో ఓపీటీకి దరఖాస్తు చేసుకోకుండా దేశం దాటితే ఆ గడువు అక్కడితో సరి. అదే ఐ-20 మీద తిరిగి రావడానికి ఉండదు. పాస్‌పోర్టులో వీసాకు ఇంకా మూడేళ్ళున్నా లాభం లేదు. అప్పుచేసి చదివిన చదువుకు ఉద్యోగానుభవం సంపాదించుకునే అవకాశం ఒక్క ప్రయాణంతో చేజారిపోతుంది.

ఓపీటీకి చదువు ముగిసే తేదీకి తొంభై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు పరిశీలనలో ఉండగా రాకపోకలకు నిషేధం లేదు గానీ, రశీదు, కొత్త సంతకం తప్పనిసరి. ఓపీటీ మంజూరయ్యాక అయితే ఈఏడీ కార్డు, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఉత్తరం ఉండాలి. ఉద్యోగం లేకుండా ఓపీటీలో తొంభై రోజులకు మించి గడపకూడదు. ఇంట్లో అమ్మ చేతి వంట తింటూ గడిపిన రోజులూ ఆ తొంభైలోకే వస్తాయి.

ఎఫ్-1 నుంచి హెచ్-1బీకో, మరో వీసాకో మార్చమని అమెరికాలోనే దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది తేలకముందే దేశం దాటితే ఆ మార్పు అభ్యర్థనను వదులుకున్నట్టే లెక్క. అలాంటివాళ్ళు కంపెనీ లాయరును అడగకుండా టికెట్టు కొనకూడదు.

అర్ధరాత్రి ఫోన్

పెళ్ళిళ్ళకు నాలుగు నెలల టైముంటుంది. కష్టాలకు ఉండదు. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. ‘‘నాన్నకు బాగాలేదు. కంగారు పడకు’’ అంటారు. కంగారు పడకు అన్నారంటేనే విషయం పెద్దదని అవతలివాళ్ళకు తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. మొదటిది, ఎవరికీ చెప్పకుండా దొరికిన విమానం ఎక్కేయడం. రెండోది, వెళ్తే వీసా పోతుందేమోనన్న భయంతో అసలు కదలకపోవడం. మొదటి తప్పు చదువును దెబ్బతీస్తుంది. రెండోది జన్మంతా మనసులో ముల్లులా ఉండిపోతుంది. తండ్రి అంత్యక్రియలను ఫోన్లో వీడియో కాల్‌లో చూసిన కొడుకులున్నారు. తమ్ముడో బాబాయో తలకొరివి పెడుతుంటే ఎనిమిదివేల మైళ్ళ అవతల గదిలో ఒంటరిగా నేలమీద కూర్చున్నవాళ్ళున్నారు. నిజంగా దారిలేక ఆగిపోయినవాళ్ళ సంగతి వేరు. వీసాకు గడువుండి, ఐ-20 సక్రమంగా ఉండి, కేవలం ‘ఏమవుతుందో’ అని ఆగిపోయినవాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

సెమిస్టర్ మధ్యలో పదిరోజులు వెళ్ళి రావడానికి చదువు మానేయక్కర్లేదు. ప్రొఫెసర్లకు ఒక మెయిల్, డీఎస్‌వోకు ఒక మెయిల్. చనిపోయారనో, ఆస్పత్రిలో ఉన్నారనో రాస్తే చాలా కార్యాలయాలు సంతకం పని వెంటనే చేసి పంపుతాయి. రిజిస్ట్రేషన్ చెక్కుచెదరకుండా ఉంటే కార్యక్రమాలు ముగించుకుని పెద్దకర్మ అయ్యాక మళ్ళీ క్లాసులో కూర్చోవచ్చు.

నెలల తరబడి ఇంట్లో ఉండాల్సిన పరిస్థితైతే దానికీ దారి ఉంది. ‘చదువు ఆపి వెళ్తున్నాను’ అని ముందుగా డీఎస్‌వోకు చెప్పి అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరికాక దేశం విడవడానికి పదిహేను రోజులిస్తారు. ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ సెవిస్‌లో అది అనుమతితో ఆపిన చదువుగా నమోదవుతుంది. చెప్పకుండా వెళ్ళిపోతే అదే సెవిస్‌లో నియమం తప్పినవాడిగా నమోదవుతుంది. ఆ మచ్చను రేపు కాన్సులేట్ కిటికీలో ఉన్న అధికారి చూస్తాడు. చెప్పడానికీ చెప్పకపోవడానికీ మధ్య తేడా ఒక్క ఈమెయిల్. ఫలితంలో తేడా మాత్రం చాలా ఎక్కువ.

అయిదు నెలల లోపు తిరిగి వెళ్తే పాత సెవిస్ రికార్డునే మళ్ళీ తెరిపించుకునే వీలుంటుంది. అది దాటితే సాధారణంగా కొత్త ఐ-20, కొత్త సెవిస్ ఫీజు 350 డాలర్లు. ఓపీటీకి కావలసిన ఏడాది చదువు లెక్క మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది. కాబట్టి నాలుగు నెలలు గడిచేసరికి క్యాలెండర్ చూసుకోవాలి. తిరిగి వెళ్ళే తేదీ డీఎస్‌వోతో మాట్లాడుకోవాలి.

పెద్దవాళ్ళకూ ఒక మాట. ‘‘వాడికి చెప్పకండి, చదువు పాడవుతుంది’’ అని దాచిపెట్టడం మన ఇళ్ళలో మామూలే. ప్రేమతోనే దాస్తారు. కానీ రెండు వారాల ముందు చెప్పి ఉంటే ఆ పిల్లవాడు సంతకం చేయించుకుని, ప్రొఫెసర్‌తో మాట్లాడి, నింపాదిగా వచ్చేవాడు. చివరి నిమిషంలో చెబితే పరుగులే మిగులుతాయి. ప్రయాణం ఉన్నా లేకున్నా ఐ-20లో తాజా సంతకం ఎప్పుడూ ఉండేలా చూసుకోవడం పిల్లలకు అలవాటు కావాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఎప్పుడూ మిగిలి ఉండాలి. ఇంట్లో జ్వరం మాత్రలు పెట్టుకున్నట్టే ఇదీను.

ఇక శాశ్వతంగా వచ్చేసేవాళ్ళు

చదువు ముగించుకుని మొత్తానికే వచ్చేసేవాళ్ళకు తిరిగి వెళ్ళే బెంగ లేదు. వాళ్ళకూ కొన్ని పనులుంటాయి. ముందుగానే వచ్చేస్తుంటే డీఎస్‌వోకు చెప్పాలి. అసలైన పట్టా, సీలు వేసిన మార్కుల కాగితాలు చేత్తో తెచ్చుకోవడం మంచిది. ఇల్లు ఖాళీచేస్తే డిపాజిట్ చెక్కు ఎక్కడికి పంపాలో రాసి ఇవ్వాలి. బ్యాంకు ఖాతాకు ఆ దేశపు ఫోన్ నంబరు మీదే ఓటీపీ వస్తుంది కాబట్టి, నంబరు తీసేసే ముందే ఖాతా సంగతి తేల్చుకోవాలి.

పన్ను లెక్క మరిచిపోయేవాళ్ళు ఎక్కువ. క్యాంపస్ ఉద్యోగం చేసినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ఏడాదికి 1040-ఎన్ఆర్ రిటర్ను, దానితో ఫారం 8843 పంపాలి. గడువు మామూలుగా ఏప్రిల్ 15. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. నాన్‌రెసిడెంట్ రిటర్ను వేసే చాలా దేశాల విద్యార్థులకు ఆ సౌకర్యం లేదు. అది వాడుకోక వచ్చే డబ్బు వదిలేసినవాళ్ళూ ఉన్నారు. రేపు మరో వీసాకు వెళ్ళినప్పుడు పన్ను కాగితాలు సక్రమంగా ఉండటం ఎప్పుడైనా మేలే.

పేలాలు

తెనాలి అబ్బాయి సంగతికి వద్దాం. ఆ శనివారమే తండ్రికి సినిమా టికెట్టు ఉదాహరణ చెప్పాడు. సోమవారం డీఎస్‌వోకు రాశాడు. సంతకం వారంలో వచ్చింది. స్లాటు కోసం మాత్రం రాత్రుళ్ళు మేలుకున్నాడు. పెళ్ళికి మూడు వారాల ముందు ఒక తేదీ దొరికాకే టికెట్టు కొన్నాడు, దోహా మీదుగా. గైడు దగ్గర, తన పరిశోధన ఏమిటో, చదువు ఎప్పటికి పూర్తవుతుందో తెలిపే ఉత్తరం తీసుకున్నాడు. వీసా ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ఆయనతో ముందే మాట్లాడుకున్నాడు.

పాస్‌పోర్టు పెళ్ళికి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. అప్పటిదాకా తండ్రి శుభలేఖలు పంచుతూ కూడా ‘‘వచ్చిందా?’’ అని అడుగుతూనే ఉన్నాడు.

లాజహోమం వేళ చెల్లి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నయ్య. పురోహితుడు పిలిచాడు. అన్నయ్య లేచాడు. పీటలమీద కూర్చున్న చెల్లి తలెత్తి చూసి, నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

పది రోజుల తర్వాత గడప దగ్గర అతను ‘‘వెళ్ళొస్తాను’’ అన్నాడు. ఇన్నేళ్ళూ తల్లి ‘‘పచ్చళ్ళు పెట్టుకున్నావా?’’ అనే అడిగేది. ఈసారి ముందు ఇంకో ప్రశ్న వేసింది.

‘‘ఆ ఐ-20 ఏదో, చేతిసంచీలోనే ఉందా నాన్నా?’’